కందుకక్రీడయందు స్త్రీ దేహసౌష్ఠవము – ప్రక్షేపశక్తి: ఒక విమర్శ

తెలుగున ‘చెండాడు’ అను క్రియకు రెండర్థములు గలవు. చెండుతో నాడుట మొదటిది. శత్రువులను తునుమాడుట రెండవది. ఒకటి ఆట, వేఱొకటి వేటు. ఈ రెండును ఒక్క మాటలో నిమిడియుండుట సాహిత్య విమర్శకులు ఆలోచింపదగిన విషయము. ఏలయన, మన కావ్యములయందు మొదటి యర్థమున చెండాడువారు ఎక్కువగా స్త్రీలు. రెండవ యర్థమున చెండాడువారు ఎక్కువగా పురుషులు. చెండు స్త్రీ చేతిలో నున్నంతసేపు కవికి అదియొక యలంకారము. ఆ చేతికి బలమున్నదా, ఆ విసరునకు గుఱి యున్నదా యని యడిగినవారు తక్కువ. గంజాము సీమలో పొరుగున వినవచ్చు ఒడియాభాషలో బంతిని ‘పెండు’ అందురు. చెండునకును పెండునకును గల సంబంధమును నిర్ణయించుట ఇచట ప్రస్తుతము గాదు. బంతియాట ఈ తీరమున రెండు భాషల పిల్లలకును ఉమ్మడి సొత్తని మాత్రము చెప్పవచ్చును.

నేడు పాఠశాలల బాలికలు ఆడు బంతియాటలలో హాండ్‌బాల్ ఒకటి. జట్టునకు ఏడుగురు, 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల ఆటస్థలము, రెండు కొనల యందును 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల గోలు. గోలునకు 6 మీటర్ల దూరమున గీచిన గీతలోపల గోలుకీపరు తక్క వేఱొకరు నేలపై కాలు మోపరాదు. కావున ఎంత పరుగెత్తినను, ఎంత ఏమార్చినను, తుదకు విసరుటలోనే ఆట తేలును. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలతో స్త్రీల హాండ్‌బాల్‌కు ఆ గౌరవము దక్కినది. వ్యాయామశాస్త్రజ్ఞులు ఈ యాటపై చేయు పరిశోధనములలో ఒక ప్రశ్న మరల మరల వచ్చుచుండును: క్రీడాకారిణి ఎత్తు, బరువు, బాహువుల నిడివి, అరచేతి వెడల్పు, వీనికిని ఆమె విసరు బంతి వేగమునకును గల సంబంధమేమి? ప్రశ్న క్రొత్తది. స్త్రీదేహమును కొలుచు దృష్టి మాత్రము క్రొత్తది గాదు. టేపు రాకమునుపే కవులు ఆ పనిని శతాబ్దముల తరబడి చేసిరి. కవి కొలతలోని లోపము టేపు కొలతలో తీరినదా, లేక వేషము మార్చుకొని నిలిచియున్నదా యనునదే ఇచటి విచారణ.

మొదట కవుల సంగతి. కుమారసంభవమున బాల్యమునందలి పార్వతి మందాకినీ సైకతములయందు బంతులతోను బొమ్మలతోను ఆడుకొన్నది. అయిదవ సర్గమున ఆమె తపమునకు పూనుకొనినపుడు కాళిదాసు, బంతియాటకే యలసిపోవు నీమె మునులవలె వ్రతమును సాగించెనని యాశ్చర్యపడును. సౌకుమార్యమునకును తపఃకాఠిన్యమునకును గల యంతరమును చూపుటకు చేసిన యుక్తి యది. కవి నేర్పును శంకింప పనిలేదు. కాని బంతియాటకు అలయుట సౌందర్యలక్షణముగా స్థిరపడుట ఇట్టి చోట్లనే జరిగినది. తరువాతి కవులకు ఆ యలసట ఒక సిద్ధవస్తువైనది. చెమటబిందువులు, జాఱు క్రొమ్ముడి, వడవడ వణకు సన్నని నడుము – ఇవి యన్నియు వర్ణింపబడును. బంతి ఎచట పడినదో తెలియదు.

భాగవతమున అష్టమస్కంధములోని జగన్మోహినీ కథ ఇందులకు పరాకాష్ఠ. పోతన తెలుగున చెప్పిన యా కథను తెలుగువారెఱుగని యిల్లు లేదు. ఉద్యానవనమున మోహిని బంతియాడుచుండగా శివుడు చూచి వివశుడగును. సంస్కృతమూలమున నొక సూక్ష్మమైన యంశమున్నది. ఆమె ఎడమచేయి జాఱుచున్న చీరను, వీడుచున్న కొప్పును సవరించుకొనుటయందు తగులుకొనియున్నది. బంతిని కొట్టునది రెండవ చేయి మాత్రమే. వ్యాఖ్యాతలు ఇందలి శృంగారమును కొనియాడిరి. ఆటను ఎఱిగినవారు చదివినచో వారికి తోచునది వేఱు: ఈమె ఒంటిచేతితో ఆడుచున్నది. రెండవ చేయి ఆటకు దక్కలేదు. అది బట్టకు కాపలా కాయుచున్నది. శివుని మోహింపజేయుట యే మోహిని పని గనుక ఇతివృత్తమునకు అది చాలును. కాని ఆ చిత్రమే కందుకక్రీడ కంతటికి నమూనా యైనపుడు నష్టము కలిగినది.

ఈ ధోరణికి ఎదురు నిలిచినవాడు దండి. దశకుమారచరితమున మిత్రగుప్తుని కథలో సుహ్మదేశపు రాజధాని దామలిప్తమున రాజపుత్రి కందుకావతి వింధ్యవాసినీదేవి యెదుట బంతితో నృత్యమాడును. ఈ దామలిప్తము నేటి వంగదేశమునందలి తామ్‌లుక్. గంజామునుండి ఇదే తూర్పుతీరము వెంబడి ఉత్తరముగా పోయినచో వచ్చు నూరు. (తరువాతి మంత్రగుప్తుని కథ కళింగమున నారంభమగును గనుక దండి ఈ తీరమును చక్కగా నెఱిగినవాడనియే తోచుచున్నది.) దండియు శృంగారమును వదలలేదు. అయినను ఆతడు బంతిని చూచినాడు. ఆమె బంతిని మెల్లగా నేలకు జాఱవిడుచును. అది పైకి లేచునపుడు బొటనవ్రేలిని కొంచెము వంచి, తక్కిన వ్రేళ్లను చాచి అరచేత కొట్టును. చేతి వెనుకభాగముతో పైకెత్తి ఆకాశముననే పట్టుకొనును. లయ ఒకపుడు విలంబితము, ఒకపుడు మధ్యము, ఒకపుడు ద్రుతము. బంతి మందగించిన కఠినముగా కొట్టి లేపును. మిక్కిలి వేగించిన నణచును. కుడి యెడమ చేతులు రెండును మార్చి మార్చి పనిచేయును. చూర్ణపదము, గీతమార్గము, గోమూత్రిక యని గతులకు పేర్లు కూడ గలవు. పేర్లున్నవనగా ఆ విద్యకు గురువులును, శిక్షణమును ఉండెనని యూహింపవచ్చును. శాస్త్రము లేనిచోట పరిభాష పుట్టదు గదా! ఈ కథను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగునకు దెచ్చి తిక్కన కంకితమిచ్చి ‘అభినవదండి’ యని పేరొందెను. కావున ఇది తెలుగువారికి పరాయి సంపద గాదు.

అంతమాత్రమున ప్రాచీనులకు హాండ్‌బాల్ తెలియునని వాదించుట హాస్యాస్పదము. కందుకావతి చేయునది బంతిని నేలకు కొట్టి లేపుట. హాండ్‌బాల్‌లో దానికి సాటివచ్చునది బంతిని నేలకు తట్టుచు నడిపించు డ్రిబ్లింగు మాత్రమే. విసరు అచట లేదు, ఎదిరి లేదు, గోలు లేదు. దండి గొప్పతనము ఆట యొక్క ప్రాచీనత్వమునందు గాక, ఆడువారి చేతిని చేతిగా చూచుటయందున్నది.

ఐనను దండి కథలో నొక ముల్లున్నది. కందుకావతి ఏడవయేట మొదలుకొని పెండ్లి యగు వఱకు ప్రతిమాసమును కృత్తికానక్షత్రమున ఇట్లు ఆడవలెనని దేవి యాజ్ఞ. ఫలము గుణవంతుడైన భర్త. గంజాము ప్రాంతమున ఆశ్వయుజ పూర్ణిమనాడు జరుగు కుమారపూర్ణిమను ఎఱిగినవారికి ఈ మాట చదువగానే మనస్సు అటు పోవును. ఆనాడు కన్యలు ఒడియాలో ‘పుచి’ యను ఆట ఆడుదురు. గొంతుక్కూర్చుండి, లేవకుండ, కాళ్లను ఒకదాని వెంట నొకటి ముందునకు చాపుచు ఎగిరెగిరి యాడు నాట యది. తొడలకును, పిక్కలకును, నడుమునకును ఇంతటి కసరత్తు ఖర్చు లేకుండ మఱొక విధమున దొరకదు. దాని ఫలముగా చెప్పబడునదియు కుమారస్వామి వంటి చక్కని వరుడే. కృత్తికలు పెంచిన బిడ్డడు కుమారస్వామి యగుట చేత రెండు వ్రతములకును ఏదో చుట్టఱికమున్నట్లు కనిపించును. నిర్ధారణ చేయుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెను. ఇచట ముఖ్యమైనది వేఱు. రెండు చోట్లను ఆట పెండ్లికి సాధనము. పెండ్లితో దాని యవసరము తీరును. పదవ తరగతి చేరునప్పటికి బాలికను ఆటస్థలమునుండి యింటికి పిలుచు తల్లులు దశకుమారచరితమును చదివినవారు గారు. అయినను వారు ఆ దేవి యాజ్ఞనే పాలించుచున్నారు.

ఇక టేపు సంగతి. శాస్త్రజ్ఞుల కొలతలు నిరర్థకములని చెప్పువారు తప్పు చేయుదురు. స్త్రీల బంతి చుట్టుకొలత 54 నుండి 56 సెంటీమీటర్లు, బరువు 325 నుండి 375 గ్రాములు. పురుషుల బంతి 58 నుండి 60 సెంటీమీటర్లు, 425 నుండి 475 గ్రాములు. 55 సెంటీమీటర్ల చుట్టుకొలత గల బంతికి అడ్డుకొలత ఇంచుమించు పదిహేడున్నర సెంటీమీటర్లు. దానిని ఒంటిచేత పట్టి తలమీదుగా వెనుకకు లాగవలెనన్న బొటనవ్రేలికిని చిటికెనవ్రేలికిని నడుమ జాన చాలవలెను. చేయి చిన్నదైనచో బంతి జాఱును. జాఱునను భయముతో విసరినవారి విసరు సగము చచ్చినదే. అట్లే బాహువు నిడివి పెరిగినకొలది అదే త్రిప్పుటకు అరచేతి వేగము పెరుగును. పొలమున మంచె యెక్కి పిట్టలను తోలు పడుచు చేతిలోని ఒడిసెల ఈ సూత్రము యొక్క ప్రత్యక్షరూపము. ఒడిసెల త్రాడు చేతికి పొడిగింపు. వట్టిచేతితో చేరని దూరమును అదే రాయి ఒడిసెలతో చేరును. కండబలము గలవారు, ఎత్తరులు, పెద్దచేయి గలవారు సామాన్యముగా వేగముగా విసరుదురని పరిశోధనములు చెప్పుచున్నవి. ఇది నమ్మదగినదే.

కాని ‘సామాన్యముగా’ అను మాట పట్టికలో మిగులును, ఎంపిక జరుగుచోట మాయమగును. అచటనే విమర్శ కవకాశము.

మొదటిది. హాండ్‌బాల్ జట్టులో అందఱి పని ఒకటి గాదు. అంచుల యందాడువారికి చుఱుకుదనమును, ఎగురుటయు ముఖ్యము. ప్రత్యర్థుల గోడ నడుమ నిలుచువారికి బరువును, త్రోపును సహించు శక్తియు ముఖ్యము. వెనుకనుండి దూరపు విసరు విసరువారికి ఎత్తు ముఖ్యము. ఎత్తరులను ఏఱి వెనుకవరుసలో నిలిపి, వారిచేతనే దినదినము దూరపు విసరు సాధన చేయించి, తుదకు కొలిచి చూచి “ఎత్తరులే గట్టిగా విసరుచున్నారు” అనుట తాను పెట్టిన దాపరమును తానే వెదకి తీయుట వంటిది. ఎత్తు చేసినదెంత, సాధన చేసినదెంత యని విడదీయని పట్టిక సత్యమును సగమే చెప్పును. ఒక్క జట్టులోని పది పదునైదుగురిని కొలిచి సిద్ధాంతము కట్టునపుడు ఈ జాగరూకత మఱింత కావలెను.

రెండవది ఇంతకంటె బాధాకరమైనది. బాలికలు ఎత్తు పెరుగు వేగము సుమారు 12వ యేట మిక్కుటమగును. కాని అందఱికిని ఒకే యేట గాదు. ఒకతె 11వ యేట ఎదిగి నిలిచిపోవును. ఒకతె 13 దాటిన పిదప మొదలుపెట్టును. ఏడవ తరగతిలో వరుసగా నిలువబెట్టి ఎత్తరులను పిలిచినచో పిలువబడువారు ఎత్తరులు గారు, ముందుగా నెదిగినవారు. మూడేండ్ల పిదప వెనుకనున్నది ముందునకు రావచ్చును. అప్పటికి ఆమె ఆటస్థలమును విడిచియుండును. సాముద్రికుడు అరచేతి రేఖను చూచి పెండ్లి చెప్పినట్లు, శిక్షకుడు ఎత్తుకోలను చూచి భవిష్యత్తు చెప్పుచున్నాడు. సాముద్రికునకు శాస్త్రజ్ఞుడను బిరుదు లేదు గనుక అతనిని నమ్మినవారు జాగ్రత్తపడుదురు.

మూడవది విసరు యొక్క స్వరూపము. విసరునది చేయి యని లోకము అనుకొనును. నిజమునకు విసరు పాదమున పుట్టును. ముందునకు వేసిన కాలు నేలను పట్టి నిలిచినపుడు పరుగు వేగము కటికి ఎక్కును; కటి తిరుగును, దాని వెనుక మొండెము, దాని వెనుక భుజము, ఆపై మోచేయి, తుదకు మణికట్టు. ఒక్కొక్కటియు తన ముందరిదాని వేగమును అందుకొని తనది చేర్చి తరువాతిదానికి అప్పగించును. క్రమము తప్పినచో ఎంత కండయున్నను వృథా. గోపాలపురము తీరమున తెలుగు మాటలాడు నోళియా బెస్తవారు విసురువల వేయుటను చూచినవారికి ఇది వివరింప పనిలేదు. వల బరువును భుజముతో మోసినవాని వల ముద్దగా పడును. నడుము త్రిప్పి, కాలు నిలిపి, సరియైన క్షణమున వదలినవాని వల చక్రము వలె విచ్చుకొనును. అందుకై ఎవరును వల వేయువాని ఛాతీని కొలువరు; వల పడిన తీరును చూతురు.

ఇందు గణితమును కొంచెము చేర్చవచ్చును. సెకనుకు 22 మీటర్ల వేగముతో, అనగా గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగముతో, 9 మీటర్ల దూరమునుండి విసరిన బంతి సుమారు 0.4 సెకనులో గోలు చేరును. 6 మీటర్లనుండి యైన 0.27 సెకను. గోలుకీపరు చూచి, నిశ్చయించి, కదలుటకు గల సమయమంతయు నదియే. కావున విసరు ముందుగా తెలియకుండుట వేగముతో సమానమైన బలము. భుజమును వెనుకకు లాగి అందఱికి తెలియునట్లు విసరిన ఎత్తరి బంతిని ఆపవచ్చును. మణికట్టుతో చివరిక్షణమున దారి మార్చిన పొట్టిదాని బంతిని ఆపుట కష్టము. వేగమును కొలుచు యంత్రము ఈ భేదమును చూపదు. దండి యైనచో చూచియుండును.

దేహమును గుఱించి ఈ సీమకు ఒక మంచి పాఠము బరువులెత్తు విద్యలో దొరకును. బరంపురమునకు చెందిన కాటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలయందు 69 కిలోల తరగతిలో మొత్తము 321 కిలోలెత్తి స్వర్ణపతకమును గెలిచెను. ఇచ్ఛాపురము దాటిన ఆవల, శ్రీకాకుళము జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు స్త్రీల 69 కిలోల తరగతిలోనే 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకమును తెచ్చెను. ఆ విద్యలో దేహపు బరువును ముందే తూచి సాటివారిని సాటివారితో నిలుపుదురు. త్రాసు పని అంతటితో సరి. ఆపై మాటలాడునది ఎత్తిన బరువే. హాండ్‌బాల్‌లో తరగతులు లేవు గనుక త్రాసును ఎత్తుకోలయు తుదివఱకు మాటలాడుచునే యుండును.

మరల పోతన కడకు రావలెను. అష్టమస్కంధమున మోహినిని చెప్పిన కవియే దశమస్కంధమున సత్యభామను చెప్పెను. నరకాసురునిపై యుద్ధమునకు లేచిన సత్యభామ మొదట చేసినదేమి? జడను ముడివేసినది, పోకముడిని బిగించినది, నగలను, పయ్యెదను సవరించి చక్కజేసికొన్నది. అటుపిమ్మట భర్త యెదుట నిలిచినది. బొమ్మలపెండ్లికి పోవుటకే సిగ్గుపడు బాల రణరంగమునకెట్లు వచ్చెనని కవి విస్తుపోవును. అది కాళిదాసు ఆశ్చర్యమునకు దాయాది. విమర్శకులు ఈ ఘట్టమున శృంగారవీరముల మేళవింపును ఎంతయో మెచ్చుకొనిరి. ఆ ముడిని గుఱించి ఎక్కువగా పలుకలేదు. మోహిని యెడమచేయి ఏ పనిలో చిక్కుకొన్నదో ఆ పనిని సత్యభామ ముందే ముగించినది. కనుకనే వింటికి ఒక చేయి, నారికి ఒక చేయి దొరకినవి. బాణము వదలుటకు రెండు చేతులు కావలెనని పోతనకు తెలియును. విసరునకును అంతే: విసరు చేతికి ఎదురుచేయి ముందునకు చాగి వెనుకకు గుంజబడనిదే మొండెము తిరుగదు.

బరంపురము ఆటస్థలములయందు తెలుగుబాలిక గాని, ఒడియాబాలిక గాని సగము విసరుచున్నపుడు ఆమె ఎత్తు కొలుచుటకు ముందు చూడవలసినవి రెండున్నవి. ఆమె యెడమచేయి ఎచటనున్నది? ఓణీని పట్టుకొనియున్నచో లోపము బాహువునందు లేదు. చేతిలోని బంతి యేది? 8 నుండి 14 ఏండ్ల బాలికలకు అంతర్జాతీయ నియమము చెప్పు బంతి 50 నుండి 52 సెంటీమీటర్లు, 290 నుండి 330 గ్రాములు మాత్రమే. ఉన్న యొక్క బంతినే అందఱికి ఇచ్చు పాఠశాలలో 12 ఏండ్ల పిల్ల అక్కల బంతిని విసరుచుండును. ఒకపుడు అన్నల బంతినే. ఒకటి మొదలు రెండున్నర సెంటీమీటర్ల యడ్డుకొలత చిన్నచేతికి పెద్దభేదము. ఆ పిల్ల పేరునకు ఎదురుగా ‘విసరుశక్తి తక్కువ’ అని వ్రాయబడును. ఆ బంతి కొలత మాత్రము ఆ పుస్తకమున ఎచటను వ్రాయబడదు.